అక్క తిన్న పథ్యం

మొన్న పొద్దున్నే మా రత్నం అవనిగడ్డ నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "మావయ్యా, మా అమ్మ ఎలా పోయింది?" అని అడిగింది. రత్నం మా అక్క కూతురు. దానికే అరవై దగ్గర పడుతున్నాయి. తల్లి పోయేనాటికి దాని వయసు తొమ్మిది రోజులు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ఆ మాట అడగలేదు. అడగాల్సిన పని పడలేదు, జవాబు చిన్నప్పటి నుంచీ అందరూ దాని చెవిలో పోస్తూనే ఉన్నారు. బాలింత సన్నిపాతం, ఫిట్స్ వచ్చి పోయింది అని.

"ఇప్పుడెందుకే ఆ సంగతి?" అన్నాను.

"మా అమ్మాయికి ఏడో నెల కదా. బందరు ఆస్పత్రిలో కొత్త డాక్టరమ్మ ఫారం నింపుతూ, మీ ఇంట్లో ఎవరికైనా కాన్పులో ఫిట్స్ వచ్చాయా అని అడిగింది. మా అమ్మ అలాగే పోయిందండీ అన్నాను. ఆవిడ మొహం మారిపోయింది మావయ్యా. ఎర్ర పెన్నుతో రాసి దాని చుట్టూ గీత గీసింది. ముందే ఆపరేషన్ చేసి బిడ్డను తీయాల్సి రావచ్చు, విజయవాడ వెళ్ళడానికి సిద్ధంగా ఉండండి అంటోంది. ఏడో నెల బిడ్డ, గాజు పెట్టెలో పెట్టాలంట. మౌనిక రాత్రి నుంచి అన్నం ముట్టలేదు. అమ్మ పోయినప్పుడు చూసినవాళ్ళలో నువ్వొక్కడివే మిగిలావు."

జవాబు నా దగ్గర ఉంది. యాభై ఏళ్ళ పైచిలుకు నుంచీ ఉంది. నేను మాత్రం "ముందు కాఫీ తాగు" అన్నాను.

సైన్సు మనిషిని ఉద్ధరించిందని కొందరు పుస్తకాలు రాస్తారు, నాశనం చేసిందని ఇంకొందరు రాస్తారు. రెండు రకాలూ చదివాను. రెండింటిలోనూ సైన్సు ఒక చోట, జనం ఇంకో చోట ఉంటారు, ఒకరినొకరు ఎరగనట్టు. మా పాలెంలో అలా ఉండలేదు. మాకు సైన్సు ఒక మనిషి భుజాన పంపు డబ్బాలో వచ్చింది. వచ్చిన దాన్ని మేము మా చేపల మీద చల్లుకున్నాం. మేము ఏం చేశామో తెచ్చినవాళ్ళు అడగలేదు, మేము చెప్పలేదు. రెండు పక్కలా జరిగిన ఆ పని సంగతే ఇప్పుడు రాస్తున్నాను. కోపంగా రాస్తున్నానని ఎవరైనా అంటే, అవును, కోపంగానే రాస్తున్నాను.

మా ఇల్లు బందరుకి తూర్పున, సముద్రం చప్పుడు వినపడేంత దూరంలో ఉండేది. నాన్నది వేట, అమ్మది ఎండు చేపల బేరం. ఇంటి ముందు ఇసకలో తాటాకు చాపలు పరిచి, ఉప్పు పట్టించిన నెత్తళ్ళు, సొర ముక్కలు ఎండబెట్టేవాళ్ళం. ఆ వాసన మా బట్టల్లో, జుట్టులో, బడి పలకలో కూడా ఉండేది. బడిలో నా పక్కన ఎవడూ కూర్చునేవాడు కాదు, అయిదో తరగతితో నేనే మానేశాను. అమ్మ వారానికి రెండుసార్లు గంప నెత్తిన పెట్టుకుని రైల్లో గుడివాడ సంతకి వెళ్ళేది. చివరి పెట్టెలో తలుపు దగ్గరే కూర్చోవాలి. పెడన దాటేదాకా జనం ముక్కులు మూసుకుని తిట్టేవాళ్ళు. అమ్మ ఏమీ తగ్గేది కాదు. "మూసుకోండి నాయనా, మూసుకోండి. ఇంటికెళ్ళి కూరలో ఏసినాక తెరుద్దురుగాని" అనేది. గుడివాడలో వరి కోతల వాళ్ళు, మిల్లు కూలీలు ఆవిడ కోసం కాచుకుని ఉండేవాళ్ళు.

చేపల వాళ్ళకి పెద్ద శత్రువు ముసురు. రెండు రోజులు ఎండ లేకపోతే ఈగలు ముసురుతాయి, మూడో రోజుకి చేప లోపల తెల్లటి పురుగు కదులుతుంది. మా తాత, అంటే నాన్న వాళ్ళ నాన్న, చాపల పక్కన వేపమండ పట్టుకుని కూర్చుని పొద్దస్తమానం ఈగల్ని తోలేవాడు. వేటకి వెళ్ళే ఓపిక అయిపోయాక ఆయనకి మిగిలిన ఉద్యోగం అదే. ఆ ఉద్యోగాన్ని మలేరియా వాళ్ళు తీసేశారు.

ఖాకీ నిక్కర్లు వేసుకుని ఇంటింటికీ వచ్చి, గోడల మీద తెల్లని నీళ్ళు కొట్టి, తలుపు మీద ఎర్ర గేరుతో అంకెలు వేసి పోయేవాళ్ళు. తొలిసారి వచ్చినప్పుడు ఆడవాళ్ళు లోపలికి రానివ్వలేదు, పిల్లలకి హాని అని. అప్పుడు వాళ్ళ పైఆఫీసరు డబ్బాలోంచి చిటికెడు తెల్ల పొడి తీసి, అందరూ చూస్తుండగా నాలిక మీద వేసుకున్నాడు. "చూడండమ్మా, నాకేమైనా అయిందా? ఇది దోమకి చావు, మనిషికి ఏమీ కాదు" అన్నాడు. ఆయన వెళ్ళిపోయేదాకా జనం ఆయన మొహమే చూస్తూ నిలబడ్డారు. ఏమీ కాలేదు. పాలెం మొత్తానికి ఒకే ఒక్క పాఠం వచ్చింది: తెల్ల పొడి మనిషిని ఏమీ చెయ్యదు. ఏ తెల్ల పొడో ఆయన చెప్పలేదు. ఇంకో తెల్ల పొడి ఉంటుందని మాకు తెలియదు.

గోడ మీద కొడితే దోమ చచ్చింది, ఈగ కూడా చచ్చింది. అది చూసి మా ఆడవాళ్ళు ఊరుకుంటారా? పంపు మోసే కుర్రాళ్ళకి ఓ పట్టెడు నెత్తళ్ళు ఇస్తే గుప్పెడు పొడి గుడ్డలో మూటకట్టి ఇచ్చేవాళ్ళు. దాన్ని ఉప్పుతో కలిపి చేపల మీద చల్లారు. చాపల మీద ఈగ వాలడం మానేసింది. ముసురు పట్టినా పురుగు పట్టలేదు. పైన తెల్లగా పూత పూసినట్టు ఉంటే, గుడివాడలో కొనేవాళ్ళు మంచి ఉప్పు పట్టిందని మెచ్చుకుని ఏరుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి పూత లేని చేపని ఎవరూ ముట్టుకోలేదు. వద్దనుకున్న వాళ్ళు కూడా చల్లక తప్పలేదు. ఏ పుస్తకంలోనూ లేని ఆ వాడకాన్ని కనిపెట్టింది మేమే, ఇంకా కావాలని అడిగింది సంత.

తాత ఒక్కడే మొరాయించాడు. "ఈగే వాలనంటంటే నేనెట్టా తింటానే?" అని తన చేపలు విడిగా వేరే చాప మీద ఎండబెట్టుకునేవాడు. "నీ చేపకి ఈగలే చుట్టాలు మావా" అని అమ్మ ఎగతాళి చేసేది. "ఉండనీయే, నేను పోయినాక ఆటికి కబురంపు" అనేవాడు ఆయన. మూడో ఏడుకి ఈగలే మారిపోయాయి. పొడి మీదే వాలి తాపీగా కాళ్ళు రుద్దుకునేవి. రెట్టింపు చల్లినా అంతే. తాత వేపమండ మళ్ళీ చేతికి తీసుకున్నాడు. అమ్మ మాత్రం ఇంతకంటే గట్టి మందు ఎక్కడ దొరుకుతుందా అని చూడటం మొదలుపెట్టింది.

ఆ ఏడే అక్క పురిటికి వచ్చింది. అక్క పేరు నాంచారి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. దివిసీమలో ఇచ్చాం, కృష్ణ దాటి పడవ మీద రావాలి. అక్కకి పెద్ద గొంతు, రేవులో దిగగానే నవ్వు వినపడేది. నాకు చదువు మీద ఉన్న పిచ్చిని ఇంట్లో వెక్కిరించనిది తనొక్కతే. "ఒరేయ్ కలెక్టరూ" అని పిలిచేది. నేను అప్పటికి తెలుగు బాగా చదివేవాణ్ణి, ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ వచ్చు. అక్షరాలే వచ్చు. వాటిని కలిపితే ఏమవుతుందో రాదు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు.

అక్క కాన్పుకి ముందు వారం రోజులు ముసురు పట్టింది. పాలసొర ముక్కలు పచ్చిగానే ఉన్నాయి. పాలసొర బాలింతలకి పెడతారు, పాలు పడతాయని. అక్క కోసమే నాన్న ఏరి తెచ్చాడు. అవి పురుగు పట్టిపోతాయని అమ్మకి బెంగ. ఆ వారమే గుడివాడలో, ఎప్పుడూ చేపలు కొనే రైతు ఒకాయనతో మొర పెట్టుకుంటే, కొత్త రకం వరికి తెచ్చిన మందులో మిగిలిన రేకు డబ్బా ఒకటి ఇచ్చాడట. పొలంలో పురుగుకి చల్లేది, ఈగ ఏం లెక్క అన్నాడట. చెడు తలచి ఇచ్చి ఉండడు. డబ్బా మీద కాగితం సగం చిరిగి ఉంది. మిగిలిన సగంలో అంతా ఇంగ్లీషే. లోపల తెల్ల పొడి.

అమ్మ దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అక్క మంచం మీద పడుకుని చూస్తోంది. తాత గుమ్మంలో ఉన్నాడు. "సదువు రా, ఏం రాసుందో" అంది అమ్మ. నేను డబ్బా తిప్పి తిప్పి చూశాను. అక్షరాలు ఒక్కొక్కటే లోపల చదువుకున్నాను, పెదాలు కదిపాను. ఒక్క మాట అర్థం కాలేదు. అక్క నవ్వుతూ, "కలెక్టరు గారు తీర్పు చెప్పాలి" అంది. నేను గొంతు సవరించుకుని, "ఇది కూడా మలేరియా వాళ్ళ మందేనమ్మా. మనుషులకి ఏమీ కాదని రాసుంది" అన్నాను.

అమ్మ మొహంలో వచ్చిన ఆ వెలుగు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "ఇన్నారా మావా? మావోడు ఇంగిలీసు సదివాడు" అంది. తాత నన్ను కాసేపు చూశాడు. "సదూకున్నోడు సెప్పినాక నేనేం సెప్పేదుంది" అని లేచి పోయాడు. ఆ పూటే అమ్మ ఆ పొడి పాలసొర ముక్కలకి పట్టించింది.

మా వైపు బాలింతకి పెట్టే పథ్యానికి కొన్ని నియమాలుండేవి. చన్నీళ్ళు తగలకూడదు, తడి తగలకూడదు. ఇంట్లో మిగతావాళ్ళు తినే ఎండు చేపని మూడు నీళ్ళు పోసి కడిగి, చింతపండు రసంలో నానేసి వండుతారు. బాలింత సొరని కడగరు. నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి, మిరియాలు వేసి రోట్లో దంచి, ఆ పొడి వేడి అన్నంలో నెయ్యితో కలిపి పెడతారు. దాన్ని ఇంకెవ్వరూ ముట్టుకోకూడదు, దిష్టి. అందరికంటే ఎక్కువ ప్రేమతో, అందరికంటే శుభ్రంగా, ఎంచి ఎంచి చేసే తిండి అది. అందరం తెల్ల పొడి చల్లిన చేపలే తిన్నాం, మాది నీళ్ళల్లో పోయింది. అక్కది పోలేదు.

కాన్పైన తొమ్మిదో రోజు మధ్యాహ్నం మొదటిసారి ఆ సొర పొడి పెట్టారు. కాస్త చేదుగా ఉందంది అక్క. "మిరియాలే, తిను, పిల్లదానికి పాలు పడాలి" అని అమ్మ రెండో ముద్ద కలిపింది. గంట తిరక్కుండా వాంతులు. ఒళ్ళంతా చెమట, నోట్లోంచి ఆగకుండా చొంగ, కండలు వాటంతట అవే ఎగిరెగిరి పడుతున్నాయి. నేను మొహం మీదకి వంగి పిలిచాను. కంటి నల్లపాప ఆవగింజంత అయిపోయి ఉంది. మంత్రసాని ఆదెమ్మ చూస్తూనే సన్నిపాతం అంది, పాలు విషమవుతాయని పసిదాన్ని లాక్కుని దూరంగా తీసుకుపోయింది. ఆ తప్పుడు మాట రత్నాన్ని బతికించింది. ఈ ముక్క ఎటు తిప్పి చూసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

రిక్షాలో బందరు తీసుకెళ్ళాం. డాక్టరు గారు మంచివాడే, పరిగెత్తుకుంటూ వచ్చాడు. కాన్పై ఎన్ని రోజులైందని అడిగాడు. "ఏం పెట్టారమ్మా?" అని కూడా అడిగాడు, అడగలేదని అబద్ధం చెప్పను. అమ్మ చేతులు జోడించి, "పథ్యమేనండీ బాబూ, ఇంకేం పెట్టలేదు" అంది. ఆయనా తెలుగువాడే. ఆ మాట వినగానే తల ఊపి ఇంకేమీ అడగలేదు. పథ్యం అంటే ఎవరు అనుమానిస్తారు? నేను తలుపు పక్కన నిలబడి ఉన్నాను. నాకు డబ్బా గుర్తుకొచ్చిందా? వచ్చింది. తెలిసి కాదు, భయం కొద్దీ వచ్చింది. నోరు తెరిస్తే నాకు చదవడం రాదని తెలిసిపోతుంది. తెరవలేదు. దీపాలు పెట్టే వేళకి అక్క పోయింది. కాగితం మీద కాన్పు తరవాత ఫిట్స్ అని రాశారు. ఇంటికి వచ్చాక బాలింత వాడిన చాప, గిన్నెలు, మిగిలిన పథ్యం మా వాడుక ప్రకారం సముద్రంలో వదిలేశారు. డబ్బా నేనే పట్టుకెళ్ళి విసిరేశాను.

రెండేళ్ళ తరవాత బందరులో ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చే పనిలో చేరాను. ఖాళీ దొరికితే లైబ్రరీకి పోయేవాణ్ణి. అక్కడ పురుగు మందుల జాగ్రత్తల మీద తెలుగులో వేసిన పల్చటి పుస్తకం ఒకటి కనపడింది. నిలబడే చదివాను. చొంగ, చెమట, కండరాలు అదరడం, కంటిపాప చిన్నదైపోవడం. వరసగా అన్నీ ఉన్నాయి, అక్కని చూసి రాసినట్టు. విరుగుడు మందు ఉందని కూడా ఉంది. ఆ మందు ఆ రోజు ఆస్పత్రి అలమరాలో ఉండే ఉంటుందని నేను ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నాను. ఆ తరవాతే నిఘంటువు కొన్నాను. దొరికిందల్లా చదివాను. మందు డబ్బాల మీద తెలుగులో రాయాలని ఆఫీసులకి ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అన్ని ఆఫీసులకీ ఉత్తరాలు రాసినవాణ్ణి, మా అమ్మకి మాత్రం చెప్పలేదు. ఆవిడ పోయేదాకా "నాంచారికి గాలి సోకింది" అనే అనుకుంది. అలా అనుకోనివ్వడం దయ అనుకున్నాను. దయ కాదు.

ఆ పొడి ఎంతమందిని తీసిందో ఎవరి లెక్కలో ఉంది? పై ఆఫీసుల్లో కూర్చుని లెక్కలు వేసినవాళ్ళకి మా అక్క కాన్పు జబ్బుతో పోయిన మనిషి. వాళ్ళు మాకు అర్థం కాని భాషలో రాసి ఇచ్చారు, మేము వాళ్ళకి అబద్ధపు చావు రాసి ఇచ్చాం. ఆ లెక్క చూసుకునే మందు క్షేమమని ఇంకో ఊరికి పంపి ఉంటారు. గుడివాడలో మా చేప కొనుక్కున్న ఏ ఇంట్లో ఏ బాలింత కడగని ముక్క తిన్నదో నాకు తెలియదు. తెలిసే దారీ లేదు.

రత్నం కాఫీ తాగలేదు. గ్లాసు మీద మీగడ కట్టింది. ఇదంతా దానికి చెప్పాను. వంచిన తల ఎత్తకుండా విన్నది.

"నన్ను చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ తల్లికి బాలింత గాలట కదా అని లేచిపోయేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళకి గానీ పెళ్ళి కాలేదు. మౌనిక పుట్టాక, ఇంకో కాన్పులో నాకూ వస్తుందేమోనని వెంటనే ఆపరేషన్ చేయించుకున్నాను. ఆయన మగపిల్లాడు కావాలని ఏడ్చినా వినలేదు. ఇదంతా నీ ఒక్క మాట మీదేనా మావయ్యా?"

"నా మాట మీదే."

"పదహారేళ్ళవాడివి. చదవడం రాదమ్మా అంటే ఎవరు కొట్టేవాళ్ళు నిన్ను?"

ఎన్నో చదివాను, దానికి జవాబు ఎక్కడా దొరకలేదు.

"లే, చొక్కా వేసుకో. ఇదే మాట డాక్టరమ్మకి చెబుదువుగాని" అంది.

ఆస్పత్రిలో మౌనిక మాకంటే ముందే వచ్చి కూర్చుని ఉంది. నవ్వితే అచ్చం మా అక్కే, ఆ రోజు నవ్వలేదు. డాక్టరమ్మకి ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. బయట అంత జనం ఉన్నా నన్ను ఆపకుండా విన్నది. కంటిపాప సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. "మీరు చెప్పేది ఫిట్స్ లక్షణాల్లా లేదు తాతగారూ. కాగితం ఏదైనా ఉందాండీ?" అని అడిగింది.

"సముద్రంలో ఉందమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. ఎర్ర రాత కొట్టెయ్యలేదు. దాని కింద ఇంకో వరస రాసింది: బంధువు చెప్పినదాన్ని బట్టి పురుగు మందు విషం కావచ్చు. చివర ప్రశ్నార్థకం పెట్టింది. "బీపీ ఇప్పటికి బాగానే ఉంది. వారం వారం చూద్దాం. అది పెరగనంత కాలం ఆపరేషన్ తొందర లేదు" అంది. ఆ ప్రశ్నార్థకం చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, ఆవిడ అంతకంటే న్యాయంగా రాయగలిగేది లేదు. నమ్మదగ్గ కాగితం ఉండాల్సిన చోట నేను అరవై ఏళ్ళ మౌనం పెట్టాను.

మందుల షాపులో రెండు రకాల బిళ్ళలు ఇచ్చారు. మెట్లు దిగాక రత్నం ఒక అట్ట నా చేతికిచ్చింది. "ఇది అన్నానికి ముందా, తరవాతా? ఏం రాసుందో చూడు మావయ్యా." కళ్ళజోడు పెట్టుకుని వెలుగు వైపు తిప్పాను. ఇన్నేళ్ళు గడిచాయి, చంద్రుడి మీదకి కూడా వెళ్ళొచ్చారు, అట్ట మీద ఇప్పటికీ అదే ఇంగ్లీషు, చీమ తలకాయంత అక్షరాలు. చాలా వరకు చదివాను. ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఎప్పుడూ చూడని మాట. అటూ ఇటూ ఉన్నవాటిని బట్టి ఊహించి ఏదో ఒకటి చెప్పవచ్చు. రత్నం, మౌనిక ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు, ఆ రోజు మా అమ్మ చూసినట్టు.

"ఈ మాట నాకు తెలీదే రత్నం" అన్నాను. "పద, లోపలికెళ్ళి అడుగుదాం."

రత్నం అట్ట తీసుకుని మెట్ల వైపు తిరిగింది. నేను మొదటి మెట్టు మీద తడబడితే మోచెయ్యి పట్టుకుంది. పొద్దుట్నించీ అంతవరకూ నన్ను ముట్టుకోలేదు.